రెండు బిళ్లలకు ఒకే గాటు

మా సైన్సు సారు పోయారని పోయిన నెల భూపాలపల్లి నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. జనగామలో సారు ఇంటికి వెళ్తూ బస్సులో దారి పొడుగునా ఏడ్చాను. ఇప్పుడు ఆ ఏడుపు గుర్తొస్తే నామీద నాకే ఒళ్లు మండుతోంది.

బడిలో పాఠాలు చెప్పి, ఆదివారాలు ఇంట్లో ఆయన చైనా పాత నాణేలు చూపించేవారు. గుండ్రటి బిళ్ల, నడుమ నలుచదరపు బెజ్జం. "అక్షరాలు చూసి మోసపోకు, అంచు చూడు" అనేవారు. ఆ కాలంలో బిళ్లలన్నిటినీ ఒకే చువ్వకు గుచ్చి, కలిపి ఆకురాయితో రుద్దేవాళ్లట. అందుకే అసలుదాని అంచున గీతలన్నీ ఒకే వాలున ఉంటాయి. ఇంకో మాట కూడా చెప్పేవారు. "రెండు బిళ్లలకు ఒక్క తీరు గాటు పడదు. పడ్డదంటే ఒకదాన్ని అచ్చుపెట్టి ఇంకోటి పోసిండ్రన్నట్టు." టీ చల్లారిపోయినా భూతద్దం దించేవారు కాదు. ఆ ఓపిక ఆయన పెట్టిన భిక్షే, కాదనను.

నేను మరిపెడ దగ్గర ఒక తండా బడిలో పనిచేస్తాను. బడి పక్కింటి అవ్వ రవికె మీద, అద్దాల నడుమ ఎర్రదారంతో కుట్టిన చైనా బిళ్ల కనిపించింది, బెజ్జం పక్కన చిన్న గాటుతో. వాళ్లమ్మ నాటిదట. బతిమాలి విప్పించుకుని, అసలుదో కాదో చూడమని సారుకిచ్చాను. వారం తర్వాత తిరిగిచ్చారు.

"నకిలీది. ఈ మధ్యనే పోసిండ్రు. అవ్వకు జర మెల్లగ చెప్పు."

అవ్వ చేతిలో పెట్టగానే, "గిది నాది గాదు బిడ్డా" అంది.

"నీదే అవ్వా. బెజ్జం పక్కన గాటు లేదా?"

"ఉన్నది. నాది ఏలుకు గరుకు తగులుతది. గిది నున్నగున్నది."

"సారు అబద్ధమాడతడా?"

అవ్వ లేచి లోపలికి పోయింది. నేను అంచు చూడనైనా లేదు. సారు చూశాక నేనేం చూస్తానని.

కర్మలన్నీ అయ్యాక సారు భార్య నాణేల డబ్బా నా ముందు పెట్టింది. అడుగున దూదిలో ఒక బిళ్ల ఉంది. బెజ్జం పక్కన అదే గాటు. అంచున ఒకే వాలు గీతలు. బెజ్జంలో ఎర్రదారం పోగు ఇంకా చిక్కుకునే ఉంది. చీటీ మీద సారు గుండ్రటి చేతిరాత: 'అసలుది.'

నన్ను మోసం చేశారు. నా నోటితోనే ఆ ముసలామెను అబద్ధాలకోరును చేయించారు. దాన్ని పట్టుకునే విద్యా ఆయన నేర్పిందే. దండం పెట్టాలో తిట్టాలో తెలియడం లేదు.

సారు భార్యకు జరిగింది చెప్పాను. ఆమె బిళ్లను నా చేతిలో పెట్టి డబ్బా మూసేసింది.

మొన్న తండాకు తీసుకెళ్లాను. అవ్వ బిళ్ల వంక చూడలేదు. బొటనవేలితో అంచు తడిమి, లోపలికి వెళ్లి రవికె తెచ్చింది. నేనిచ్చినదాన్ని ఆమె అసలు కుట్టుకోనే లేదు. అద్దాల నడుమ ఆ చోటు ఖాళీగానే ఉంది.

"మీ సారుకు చెప్పు, దొరికిందని."

"సారు పోయిండవ్వా."

అవ్వ సూదీ ఎర్రదారమూ నాకిచ్చింది. "నాకు కనవడది. నువ్వే ఎక్కియ్యి."

దారం కొస తడిపాను, ఎక్కలేదు. మళ్లీ తడిపాను. అవ్వ రవికె ఒళ్లో పరుచుకుని, ఖాళీ చోటు మీద వేలు పెట్టి కూర్చుంది.