పెరికి నాటకూడని పువ్వు

తిరుపతిలో మా ఫ్లాటుకు బాల్కనీ అనబడే మూరెడు స్థలం ఉంది. అక్కడ పాత పెయింటు డబ్బాలో మొన్న పొద్దున నారింజ రంగు పువ్వొకటి విచ్చింది. పక్క ఫ్లాటు ఆవిడ తొంగిచూసి, దేవుడికి పెట్టొచ్చా అని అడిగారు. పెట్టేలోపే రెక్కలు రాలిపోతాయన్నాను. పోనీ, తల్లోకి? మాల కట్టడానికి నిలవదన్నాను. దేవుడికీ జడకూ పనికిరాని పువ్వును పెంచేవాళ్ళు కూడా ఉంటారా అన్నట్టు చూసి, ఆవిడ బట్టలు ఆరేసుకోవడానికి వెళ్ళిపోయారు. ఆవిడ తప్పేం లేదు. కొండ కింద ఊళ్ళో పువ్వంటే మూర ఎంత అన్నదే మొదటి ప్రశ్న. దీని పేరు పాపీ. మన గసగసాలకు దూరపు చుట్టం. దాన్ని చూసినప్పుడల్లా నాకు నగరిలో మా పిన్నమ్మ ఇంటి దొడ్డి గుర్తొస్తుంది.

పిన్నమ్మంటే మా అమ్మ చెల్లెలు. వాళ్ళది నేతపని ఇల్లు. వెనక దొడ్డి సన్నగా, బాగా పొడుగ్గా ఉండేది. అందులో ఒక్క చెట్టూ ఉండేది కాదు, ఉండనిచ్చేవాళ్ళూ కాదు. చీరకు నిలువు దారాల వరసైన పడుగును ఈ కొస నుంచి ఆ కొస దాకా సాగదీసి, గంజి పెట్టి, ఎండలో ఆరబెట్టాలంటే దాని మీద ఆకు రాలకూడదు, పిట్ట రెట్ట వేయకూడదు. ఎక్కడైనా వేపమొక్క తలెత్తిందంటే చిన్నాయన పొద్దున్నే చేసే మొదటి పని దాన్ని పీకెయ్యడం. ఎండాకాలం సెలవుల్లో మేం కాళ్ళు కాలి ఆ దొడ్డిలో గెంతుతుంటే, ఆయన ‘డ్యాన్సు బాగుండాది’ అని మెచ్చుకునేవాడు. ఆయన పోయాక, వీధినిండా మరమగ్గాలు వచ్చాక, పిన్నమ్మ మగ్గం గుంట పూడ్పించేసింది. దొడ్డిలో ఎండ మాత్రం మిగిలింది.

అప్పటికి వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, నాకు చెల్లెలు, బళ్ళో చదువుతోంది. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళూ ‘నారు పోసినవాడు నీరు పోయడా’ అని చెప్పి, కాఫీ తాగి వెళ్ళారు. నీరు పోసింది పిన్నమ్మే. జాకెట్లు కుట్టింది, పక్కింటి మగ్గాలకు నూలు కండెలు చుట్టింది, పిల్లను చదివించింది. ఆ పిల్లకు నగరి వదిలే ఉద్దేశమే లేదు. కుట్టుమిషను పెట్టుకుని అమ్మ దగ్గరే ఉంటానని ఏడ్చింది. పిన్నమ్మ వినలేదు. పోరి పోరి, ఏర్పేడు దగ్గర ఒక పెద్ద కాలేజీలో, తోటలు చూసుకునే ఆఫీసులో ఉద్యోగానికి పంపించింది.

కొన్నాళ్ళు ముభావంగా ఉన్న పిల్ల, తర్వాత ఇంటికొస్తే చాలు ఆ తోట కబుర్లే. చలికాలంలో అక్కడ నీళ్ళడగని పువ్వు పూస్తుందట. ఎండ తగిలితే విచ్చుకుంటుందట, పొద్దు వాలితే ముడుచుకుంటుందట. ఒకసారి ఆ గింజలు పొట్లం కట్టుకుని వచ్చింది. నీడ వద్దు, నీళ్ళు వద్దు, మన దొడ్డికి సరిగ్గా సరిపోయిందంది. గసగసాల చుట్టమని తెలిసి, నల్లమందు కేసని పోలీసులొస్తారేమోనని పిన్నమ్మ హడలిపోయింది. ఇది ఆ రకం కాదని నమ్మించేసరికి పిల్లకు తలప్రాణం తోకకొచ్చింది. వానలు తగ్గాక తనే వచ్చి చల్లుతానని, పొట్లాన్ని దేవుడి గూట్లో పెట్టి వెళ్ళింది. ఆ వానల్లోనే పిల్ల జ్వరాన పడింది. తిరుపతి ఆసుపత్రిలో వారం తిరక్కుండా పోయింది. ఇంతకన్నా వివరంగా రాయడం నాకు చేతకాదు.

కార్తీకం చివర్లో పిన్నమ్మ ఆ పొట్లం విప్పుతుంటే నేను పక్కనే ఉన్నాను.

“దాని చెయ్యి తగిలినవాట్లో పానం ఉండేది ఇదొగటే పాపా. ఇవి బతికితే సాలు,” అంది.

మా వైపు మిరపైనా వంకాయైనా ముందు మడిలో నారు పోస్తాం. జానెడయ్యాక పెరికి, వేరే చోట వరసగా నాటుతాం. గింజ చల్లి వదిలెయ్యడం సోమరిపోతుల సేద్యం. పిన్నమ్మ కూడా దొడ్డి మూలలో చిన్న మడి కట్టి నారు పోసింది. కొత్తిమీరకన్నా సన్నటి ఆకులతో మొలకలు లేచాయి. ఆ రోజు ఆమె ఎన్నాళ్ళకో కడుపునిండా అన్నం తింది. కాస్త ఎదిగాక వీధిలో ఆడవాళ్ళంతా సాయం పట్టారు. ఒకప్పుడు పడుగు పరిచిన చోట, ఈ కొస నుంచి ఆ కొస దాకా నాటారు. రెండు పూటలా నీళ్ళు పోశారు. నాలుగు రోజుల్లో అన్నీ తలలు వాల్చేశాయి. ఒక మొక్కను లాగి చూశాం. దానికున్నది ఒకటే పొడుగాటి వేరు, అదీ సగానికి తెగి ఉంది.

పిన్నమ్మ ఆ మొక్కను ఒళ్ళో పెట్టుకుని, తెగిన వేరును వేలితో తడిమింది.

“మంచి సోట పెడదామని పెరికితిని,” అంది. “దాన్నీ ఇట్టనే పెరికి పంపిస్తిని. ఈడే ఉంటానమ్మా అని ఏడిస్తే, నీకేం తెలుసని తిడితిని.”

జ్వరం ఎక్కడున్నా వస్తుందన్నాను. పిల్ల అక్కడ సంతోషంగానే ఉందన్నాను. అన్నీ నిజాలే, ఒక్కటీ ఆమెకు పనికిరాలేదు. దొడ్డి తలుపుకు గడియ పడింది.

మాఘంలో మళ్ళీ వెళ్ళినప్పుడు, తడిబట్టలు ఆరెయ్యడానికి ఆ గడియ తీశాను. నారుమడి నిండా నారింజ రంగు. నాటడానికి పనికిరావని పెరక్కుండా వదిలేసిన బక్క మొలకలు, ఇన్నాళ్ళూ చుక్క నీరు లేకుండా, ఎవరూ చూడకుండా, ఒకదానికొకటి ఆనుకుని విరగబూసి ఉన్నాయి. పిన్నమ్మను పిలిచాను. ఆమె వచ్చి బట్టలుతికే బండ మీద కూర్చుంది. అన్నానికి పిలిచినా లేవలేదు. పొద్దు వాలి రెక్కలన్నీ ముడుచుకున్నాక, “పండుకునింది,” అని కొంగు దులుపుకుని లోపలికి వచ్చింది.

ఆ తర్వాత ప్రతి చలికాలమూ అంతే. కాయలు ఎండకు చిటపటమని పగిలి గింజలు దూరంగా పడేవి. వాటిని ఎవరినీ ఏరనిచ్చేది కాదు. “యాడ పడింటే ఆడే మొలస్తాది, ముట్టుకోబాకండి,” అనేది. ఆమె దుఃఖం తగ్గిందని నేననను. అది కూర్చోవడానికి ఒక చోటు దొరికింది, అంతే.

నిరుడు పిన్నమ్మ పోయింది. ఇల్లు కొన్నవాళ్ళు దొడ్డంతా సిమెంటు చేసి మరమగ్గాల షెడ్డు వేశారు. అంతకు ముందే, ఆమె మాట మీరి, నాలుగు కాయలు తెచ్చుకున్నాను. డబ్బాలో గింజలు చల్లాను గానీ, మొలకల్ని పెరకలేదు. డబ్బాను కూడా జరపలేదు. నిన్న సాయంత్రం పువ్వు ముడుచుకునేదాకా అక్కడే నిలబడి, నాకు తెలియకుండానే ‘పండుకునింది’ అన్నాను. పక్క ఫ్లాటు ఆవిడ, ఎవరు అని అడిగారు. మా చెల్లెలు అనబోయి, పువ్వు అన్నాను. తెల్లారి ఎండ తగిలితే అది మళ్ళీ విచ్చుకుంటుంది. కాలం ఆ ఒక్క వీలు పువ్వుకిచ్చింది, మా ఇంట్లో వాళ్ళకివ్వలేదు.