పలకరించి పడగొట్టిన ఓబులేసు చిన్నాయన

పొద్దున్నే చిన్నమ్మ ఫోన్ చేస్తే నెట్ రావడం లేదని చెప్పడానికే అనుకున్నాను. మూడు పట్నాలకు ఇంటర్నెట్ ఇచ్చే మనిషి ఇంట్లోనే అది సరిగా రాదన్నది ప్రొద్దుటూరులో అందరికీ తెలిసిన సంగతే. ఆమె నోరు తెరవకముందే "ఆ పెట్టె ఒకసారి ఆపి మళ్ళా వెయ్యి చిన్నమ్మా" అన్నాను. అటువైపు ఏడుపు వినిపించింది. "మీ చిన్నాయన మనకు లేడు పాపా" అంది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ఒక్కరినీ పలకరించకుండా చిన్నాయన గడప దాటడం అదే మొదటిసారి. నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది.

ఓబులేసు గారు మా నాన్నకు తమ్ముడు, నాకు పని నేర్పిన గురువు. కేబుల్ టీవీ కాలంలో మిద్దెలెక్కి తీగలు లాగి, ఆ తీగల మీదే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులకు, చుట్టుపక్కల పల్లెలకు ఇంటర్నెట్ తెచ్చిన సంస్థాధిపతి. ఈ 'సంస్థాధిపతి' అనే మాట ఆయన బతికుండగా వినుంటే, ఎవరినో అంటున్నారనుకుని వెనక్కి తిరిగి చూసేవాడు. సౌజన్యం, దాక్షిణ్యం, సహనం వంటి సకల సద్గుణాలూ ఆయనలో మూర్తీభవించాయని ఈ సంస్మరణ వ్యాసంలో రాయాలని కూర్చున్నాను. సహనం మాత్రం కొట్టేస్తున్నాను, ఎందుకంటే చదివేవాళ్ళకు ఆయన తెలుసు.

ఆయన ప్రధాన గుణం పలకరింపు. మా సీమలో ఎదురుపడిన మనిషిని "బాగుండావా? తిన్యావా?" అని అడగకపోతే అది అవమానం కింద లెక్క. చిన్నాయన ఈ మర్యాదను యంత్రాలకు కూడా వర్తింపజేశాడు. సిమెంటు ఫ్యాక్టరీ ఉన్న చిలమకూరులో స్తంభం మీది మా పెట్టె నిండా సిమెంటు దుమ్ము పేరుకునేది. నిచ్చెనెక్కి తన తువ్వాలుతో తుడుస్తూ "పాపం, దీనికి ఊపిరాడతాండ్లా" అనేవాడు. కింద నిచ్చెన పట్టుకున్న నాకు ఆ దుమ్ముతో నిజంగానే ఊపిరాడేది కాదు. నన్ను మాత్రం అడిగేవాడు కాదు.

ఇక అసలు కథ. స్తంభాల మీదా మిద్దెల మీదా ఉన్న మా పెట్టెలన్నిటినీ ఆఫీసులో కూర్చునే చూసుకోవడానికి ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. అది ప్రతి పెట్టెనూ అప్పుడప్పుడు "ఉన్నావా?" అని అడుగుతుంది, పెట్టె "ఉన్నాను" అంటుంది. ఉదయం దుకాణాలు తెరవగానే ఎవరి కనెక్షన్‌కు అనుమతి ఇవ్వాలో చూసేది కూడా అదే. అది పడిపోతే బజారు మొత్తానికి నెట్ ఉండదు. అప్పుడప్పుడు అడిగితే చాలని తయారుచేసినవాళ్ళు చెప్పారు. చిన్నాయన వినలేదు. "అప్పుడప్పుడు పలకరిస్తే మనుషులే మొగం తిప్పుకుంటారు మ్మా" అని క్షణక్షణం అడిగేలా పెట్టాడు. అది కూడా ఊరికే కాదు. వేడెంత, కరెంటెంత, ఎవరెంత వాడుతున్నారు, అన్నీ చెప్పాలి.

రాజుపాలెం దాకా తీగలు వేసి పెట్టెలు పెంచాక ఆ సాఫ్ట్‌వేర్ కుప్పకూలడం మొదలైంది. సరిగ్గా బంగారం అంగళ్ళు తెరిచే వేళకు పడిపోయేది. ఆ రోజు ధర తెలియక, ఫోన్లతో డబ్బు చెల్లించేవాళ్ళకు దారి లేక బజారు బజారంతా మా మీద మండిపడింది. చివరికి వ్యాపారుల పెద్ద నాగభూషణం గారు వచ్చి "ఓబులేసూ, శుక్రవారం దాకా చూస్తాం. మళ్ళా పడిందంటే నీ వైర్లు పీకేసి వేరేవాళ్ళవి ఏపిచ్చుకుంటాం" అని తేల్చి చెప్పారు. బజారు పోతే మా సంస్థ లేదు. అందరికీ ఆ ముక్క తెలుసు.

అదే వారం తయారీదారుల నుంచి హెచ్చరిక వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉంది, ఒక్కసారిగా లెక్కకు మించిన సమాధానాలు వచ్చి పడితే అది మోయలేక ఆగిపోతుంది, దుర్మార్గులెవరైనా దీన్ని వాడుకోవచ్చు, కాబట్టి వెంటనే ఈ సవరణ ఎక్కించుకోండి అని. చిన్నాయన కళ్ళు 'దుర్మార్గులు' దగ్గర ఆగిపోయాయి. "సవరణ తర్వాత జూద్దాం. ముందు ఆ మహానుభావుణ్ణి పట్టుకోవల్ల" అన్నాడు. ఆయన వాడిన పదం 'మహానుభావుడు' కాదు. సంస్మరణ వ్యాసం కనుక మార్చాను. శత్రువు పొంచి ఉన్నాడు గనుక పెట్టెలను ఇంకా ఎక్కువసార్లు అడగమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పాడు. అది ఇంకా తొందరగా పడింది.

శత్రువెవరో ఆయనకు అనుమానం లేదు. పులివెందులలో మాకు పోటీగా నెట్ నడిపే కుళ్ళాయప్ప. గురువారం నన్ను వెంటబెట్టుకుని దండయాత్రకు బయలుదేరాడు. తీరా గడపలో అడుగు పెట్టగానే "ఏం కుళ్ళాయప్పా, బాగుండావా? తిన్యావా? మీ నాయనకు కాళ్ళనొప్పులు తగ్గినాయా?" అని మొదలుపెట్టాడు. అక్కడ పనిచేసేవాళ్ళను, టీ తెచ్చినాయనను, పక్క అంగడి ముసలాయనను కూడా అడిగాడు. టీలు రెండుసార్లు అయ్యాక గానీ యుద్ధం గుర్తుకు రాలేదు.

"నా సిస్టంను పడగొడతాండేది నువ్వే గదూ?"

కుళ్ళాయప్ప "మామా, నా పెట్టెలు చూసుకునేదానికే నాకు టైం సాల్దు. అది సరే గానీ, నువ్వు నీ పెట్టెల్ని ఎంతసేపటికోసారి అడుగుతాండావు?" అన్నాడు.

చిన్నాయన గర్వంగా చెప్పాడు. కుళ్ళాయప్ప నెత్తి పట్టుకున్నాడు. "అన్ని పెట్టెలూ ఒగేసారి సమాధానం చెప్తే అది తట్టుకుంటాదా మామా? నీ మీద దండెత్తింది నువ్వే!"

అక్కడే నా ల్యాప్‌టాప్ తెరిపించాడు. అడగడం తగ్గించాను. సాఫ్ట్‌వేర్ నిశ్చింతగా నిలబడింది. మళ్ళీ పెంచాను. కాసేపట్లో ప్రొద్దుటూరు బజారు నుంచి తిట్లతో ఫోన్ వచ్చింది. ఇంతకంటే రుజువు అక్కర్లేదు. చిన్నాయన ముఖం చూడలేక నేను అక్కడే సవరణ ఎక్కించడం మొదలుపెట్టాను.

వచ్చేస్తుంటే కుళ్ళాయప్ప "యాడో చైనావోడు చేసినాడని చెప్పు మామా. ఎవురు పోయి అడుగుతారు?" అని సలహా ఇచ్చాడు. చిన్నాయన పలకలేదు. ముద్దనూరు దాటినా, జమ్మలమడుగు దాటినా పలకలేదు. ఆయన అంతసేపు నోరు మూసుకుని ఉంటే నాకు భయం వేసింది.

శుక్రవారం ఉదయం బజారులో అందరూ నాగభూషణం గారి అంగట్లో చేరారు. ఎవరో ముందే "హ్యాకర్లంటనే? దొరికినారా?" అని దారి కూడా చూపించారు. చిన్నాయన ఆ దారి పట్టలేదు.

"హ్యాకరూ లేడు, పగోడూ లేడప్పా. చేసింది నేనే. ఊరికూరికే అడిగి అడిగి నేనే పడగొట్టినా. సరిజేసే మందు చేతికిచ్చినా ఎక్కించకుండా పెట్టుకున్నా. మీరు పోతామంటే నేను తప్పు పట్టను."

నాగభూషణం గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఈ బజార్లో ఇంత వయసొచ్చింది నాకు. తప్పు నాదని పిలవకుండా వచ్చి చెప్పినోణ్ణి ఇప్పుడే జూస్తాండా. వైరు ఉండనీ ఓబులేసూ" అన్నారు. ఆ తర్వాత ఒక్క అంగడి కూడా మమ్మల్ని వదల్లేదు. నెట్ ఎన్నోసార్లు పోయింది. తిట్టారు, వదల్లేదు.

చిన్నాయన పోయిన రోజు బజారు మూసేశారు. పులివెందుల నుంచి వచ్చిన కుళ్ళాయప్ప పాడె మోశాడు. కర్మలన్నీ అయ్యాక నాగభూషణం గారు మా ఆఫీసుకు వచ్చి, చిన్నాయన కుర్చీలో కూర్చోకుండా నిలబడే మాట్లాడారు. కనెక్షన్లు ఉంచుతారా అని అడిగాను.

"వైర్లు యాడికి పోతాయిలే పాపా. నెట్ పోతే బాగుజేసేదానికి నువ్వుండావు. సాకులు చెప్పేదానికి శానామంది ఉండారు. 'చేసింది నేనే' అని చెప్పేదానికి ఇంక ఎవుర్ని పంపిస్తావు?"

ఈ వ్యాసం అంతా రాసినా నాగభూషణం గారికి చెప్పే జవాబు నాకు దొరకలేదు. చిన్నాయనా, నీకు నమస్కారం. నీ పని నేను చేయగలను. నువ్వు చెప్పినట్టు చెప్పగలనో లేదో నాకు తెలియదు.