విల్మా విడదీసిన రెండు కట్టలు

షెరిఫ్ ఆఫీసులో రికార్డుల గది విల్మా డాకరీది. ముప్పై ఏళ్లుగా కాగితాలు తిప్పడానికి బొటనవేలికి రబ్బరు తొడుగు పెట్టుకుని, మజ్జిగలో మొక్కజొన్న రొట్టె నలుపుకు తింటూ, ప్రతి కేసు కాగితాన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేముందు మొదటినుంచి చివరిదాకా చదువుతుంది. ఆ రోజు జిల్లా పోలీసులకి పెద్దయిన షెరిఫ్ హార్లన్ టీగ్ హుషారుగా వచ్చాడు. "విల్మమ్మా, లైసెన్సు లేకుండా తుపాకీ పెట్టుకు తిరగొచ్చని చట్టం మార్చారుగా, ఏడాదిలో తుపాకీ కేసులు సగానికి పడ్డాయి! సాయంత్రం ఊరి మీటింగులో ఇదే చెప్తా."

"టోపీ తీసి కూర్చో నాయనా," అంది విల్మా. పోయినేటి కాగితాలు నూట నలభై ఒకటి తెచ్చి, పేక పంచినట్టు చకచకా రెండు కట్టలు చేసింది. "ఈ డెబ్బై మందీ చేసిందల్లా లైసెన్సు లేకుండా తుపాకీ పెట్టుకోవడమే. ఇప్పుడది నేరమే కాదు, ఇంక కేసెక్కడిది?"

"మరి ఆ రెండోది?"

"మనుషుల మీద పేల్చినవి. అప్పుడు డెబ్బై ఒకటి, ఈ ఏడాది డెబ్బై రెండు."

"అయితే చట్టం వల్ల పెరిగిందా?"

"ఒక్క కాగితం తేడా పట్టుకుని ఆ మాటా అనకు."

తర్వాత ఆ రెండో కట్ట బోర్లించి, ఒక్కటీ చూడకుండా వరసగా చెప్పుకుపోయింది: తూటా ఎవరికి తగిలింది, ఏ వీధిలో, ఏ చొక్కా వేసుకుని. "నలభయ్యోది ఎడ్నా ప్రూయిట్ కొడుకు. ఇవాళ మీటింగుకి ఆవిడొస్తుంది." ఇంతమందిని ఈ మనిషి ఎక్కడ మోస్తోందా అని హార్లన్ నోరు తెరుచుకుని విన్నాడు.

సాయంత్రం మీటింగు హాల్లో లేచి, "కాల్పులు తగ్గలేదమ్మా. ఎందుకు తగ్గలేదో నాకు తెలీదు," అన్నాడు. ముందు వరసలో ఎడ్నా తలెత్తి అతన్ని చూసింది.