పెంకు పెట్టకూడని వీధి

అవినాశి రోడ్డు పక్కన కొత్తగా పెట్టిన హోటల్లో జనం పల్లె సుఖం కోసమని తాటాకు కప్పు కింద కూర్చుని తింటున్నారు. మొన్న వానకు అక్కడ ఆగాను. తడిసిన ఆకు వాసన ముక్కుకు తగలగానే నాకు ఒళ్ళు మండింది. ఆ వాసన కింద నేను పెరిగింది ఇష్టపడి కాదు.

కోయంబత్తూరులో మిల్లు వెనక మా వీధి. పొద్దున్నే మిల్లు కూత, నాయిన చొక్కాకు అంటుకొచ్చే దూది నుసి, దాన్ని గాలిలోకి ఊది ఎవరిది ఎక్కువసేపు నిలుస్తుందోనని పిల్లల పందేలు, దీపావళికి అమ్మ వత్తే మురుకులు, ఆషాఢంలో వీచే ఆడినెల గాలికి కప్పు లేచిపోతే ఆకుల వెంట మా పరుగులు.

బడిలో సారు మంచు దేశాల ఇళ్ళ బొమ్మ చూపించాడు. మంచు నిలవకుండా జారిపోవడానికి అక్కడ కప్పులు బాగా ఏటవాలుగా కడతారనీ, వానలున్న చోట పెంకులు వాలుగా పేరుస్తారనీ, ఏ ఊరి కప్పునైనా నిర్ణయించేది ఆ ఊరి వాతావరణమేననీ చెప్పాడు. నేను లేచాను.

"పెద్దతెరువుకి ఓడు, మా తెరువుకి ఆకు. రెండిటికీ వేరేవేరే వానా సార్?"

జవాబుగా బెత్తం వచ్చింది. తెరువంటే వీధి, ఓడంటే పెంకు. మా కులం వాళ్ళు ఇంటి మీద పెంకు పెట్టకూడదు. ఆ కట్టడి పెట్టిన పెద్దవీధి భూస్వాములు ఇంట్లో మాట్లాడేది కూడా మా తెలుగే.

ఆ ఏడు అమ్మ నిండు చూలాలు. బిడ్డ తడవకూడదని నాయిన, మిల్లు గోదాము కప్పు మార్చినప్పుడు పాత పెంకులు అడిగి తెచ్చి ఇల్లు కప్పాడు. తమ్ముడు పుట్టిన మూడోనాడు పెద్దవీధి దొర వచ్చాడు.

"ఏరా, మిల్లు సంబళం తలకెక్కిందా? మీకు ఓడిల్లు కావాల్నా?"

"పచ్చిబాలింత ఉండాది సామీ. వాన అందరికీ ఒకటే గదా."

"నోరు శానా పొడుగైందే! పొద్దు కూకేలోపల దించు. లేదంటే మీ తెరువుకే బాయినీళ్ళు లేవు."

బిందెలు పట్టుకున్న వీధంతా నాయిన వైపు చూసింది. ఆయన నిచ్చెనెక్కి తన కప్పు తానే విప్పాడు. పెంకులు బయట పడేయబోతుంటే అమ్మ లోపలినుంచి అరిచింది.

"ఇంట్లోకి తేయ్యా! తలమీద వద్దన్నాడు. కాళ్ళకింద వద్దనలేదే!"

పెంకులు నేలమీద పేర్చి వాటి మీద చాప వేశాం. ఆ వారమంతా కింద పెంకుల సందుల్లో నీళ్ళు పారాయి, పైన కొత్తాకు కారింది, అమ్మ బిడ్డకు చేట అడ్డం పట్టుకుని కూర్చుంది. మంచు పడే దేశాల్లో మనిషి మంచుతో పోరాడి కప్పు కట్టుకున్నాడు. మాకు వానతో పోరాడే హక్కు కూడా లేకుండా చేసింది సాటి మనిషి.

ఇప్పుడా మిల్లు లేదు, మా వీధీ లేదు. పెద్దవీధి పెంకుటిళ్ళు పోయి కాంక్రీటు లేచింది. ఈమధ్య తెలుగువాళ్ళ కూటంలో ఆ దొర మనవడు మైకు పట్టుకుని, మన పెద్దల కాలంలో అంతా ఒక్క కుటుంబంలా ఉండేవాళ్ళమన్నాడు. నేను లేచి, మా కప్పు విప్పించిందెవరో కూడా చెప్పమన్నాను.

"అదంతా పాత కథ, వదిలేయండక్కా," అని నవ్వాడు.

"వదలను. చెప్పు," అన్నాను. ఇంకా నిలబడే ఉన్నాను.