బియ్యం కింద పడిపోయిన కబురు

సారు పోయారన్న కబురు నాకు ఆలస్యంగా తెలిసింది. మా మెయిల్ గ్రూపులో సారు ఊరి మనిషి ఒకతను పెట్టాడు, కానీ ‘వంటావార్పుకు బియ్యం’ అన్న ఏనాటిదో పాత మెయిల్‌కు జవాబుగా పెట్టాడు. పొద్దున వచ్చినదాన్ని సాయంత్రం దాకా ఎవరూ తెరవలేదు. ఏడుస్తూనే నవ్వొచ్చింది నాకు. సారు ఉండి ఉంటే ఆ మనిషికి ఫోన్ చేసి అరగంట పాఠం చెప్పేవారు.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వాళ్లమంతా కలిసి పెట్టుకున్న గ్రూపు అది. ఊళ్లో ఉన్నవాళ్లు, హైదరాబాద్‌లో కొలువు చేసేవాళ్లు, దుబాయి పోయినవాళ్లు అందరూ అందులోనే. సారు లింగాల ఘనపూర్‌లో ఉండే రిటైరైన లెక్కల పంతులు. ఒంటి వేలితో టైపు చేసేవారు. ఆవేశం మాది, పద్ధతి ఆయనది.

కొత్త సంగతికి కొత్త మెయిల్ పెట్టాలి. పాతదానికి జవాబిస్తే కావలసిన రెండు ముక్కలుంచి, మిగతా పాత రాతల తోక కోసి, దాని కింద రాయాలి. సంగతులు కలిపితే “పప్పు కుండల పాయసం వండుతరా?” అనేవారు. ఒకాయన ‘జై’ అని ఒక్క మాట రాసి, ముప్పై పాత మెయిళ్ల తోకతో పంపాడు. “జై ఒక్కటి, మూట గంత. మోసేటోని నడుము సంగతి జర సూడు” అని సారు జవాబిచ్చారు. ఢిల్లీతో కొట్లాడుతుంటే ఈయనకు తోకల గోలేమిటని నేనూ విసుక్కున్నాను.

అప్పుడే సమ్మె వచ్చి బస్సులు ఆగిపోయాయి. అమ్మ జనగామ దవాఖానలో ఉంది, ఆపరేషన్‌కు రక్తం కావాలి. నాది కలవలేదు. నెట్ సెంటర్‌కు ఉరికి, ముందు కనబడ్డ బియ్యం మెయిల్‌కే జవాబు కొట్టి రక్తం కావాలని రాసేశాను. రెండు గంటలైనా ఉలుకూ పలుకూ లేదు. ఇంతమందిలో ఒక్కరికీ దయ లేదా అని కోపమొచ్చింది. అంతకంటే ఎక్కువ భయమేసింది.

సారు ఫోన్ చేశారు. “బిడ్డా, బియ్యం అందినయి, ఆ ముచ్చట నిన్ననే ఒడిసింది. ఒడిసినదాన్ని ఎవరు తెరుస్తరు? నేను వేరే మెయిల్ పెట్టిన. నువ్వు పరేషాన్ గాకు, అమ్మ దగ్గర కూసో.”

ఏ రక్తం, ఏ దవాఖాన, ఎప్పటికి అన్నది మెయిల్ పేరులోనే పెట్టారు. కొడకండ్ల నుంచి అన్నదమ్ములిద్దరు బండి మీద వచ్చారు. అమ్మ దక్కింది. తర్వాత నేను తప్పు ఒప్పుకోబోతే సారు తిట్టలేదు. “ఆపతిల ఎవరికీ పద్ధతి యాదికి రాదు. అందుకే ముందుగాల్నే అలవాటు గావాలె” అన్నారు. అంత ఓపిక గల మనిషిని నేను మళ్లీ చూడలేదు.

అందుకే మొన్న సాయంత్రం కబురు చూడగానే ఆయన నేర్పిన పనే చేశాను. ‘సారు పోయిండు. రేపు పొద్దున లింగాల ఘనపూర్ రండి’ అని పేరు పెట్టి కొత్త మెయిల్ పంపాను. ఏళ్లుగా మూగబోయిన గ్రూపు కదిలింది. ఒకదాని కింద ఒకటి జవాబులొచ్చాయి. అన్నీ ఒక్కో లైనే, ఏ ఒక్కదానికీ తోక లేదు.

అమ్మ పక్కన కూర్చుని అన్నీ చదివించుకుంది. తన పేరు మీద కూడా ఒకటి రాయమంది. అందరి కింద రాశాను.

“వస్తున్న, సారు.”