తావూస్ ఎవరితో మాట్లాడేది

ఏకర్ పట్నం రేవు పక్కన, సముద్రపు గోడకి ఆనుకున్న సరాయిలో, అంటే పాత సత్రంలో, మా కుటుంబాలు ఇరవై దాకా ఉండేవి. అందరం ఇరాన్ నుంచి తరిమేస్తే వచ్చిన బహాయీ మతస్థులమే. మాలో ఏ ఆడమనిషి చనిపోయినా స్నానం చేయించేది తావూస్. కాషాన్‌లో పట్టు నేసేవాళ్ల ఇంట్లో పుట్టి, చిన్నతనంలోనే భర్త పోయినావిడ. పెద్ద ఒళ్లు, పెద్ద గొంతు. నీళ్లు గోరువెచ్చగా లేకపోతే ఒప్పుకునేది కాదు. "చచ్చినవాళ్లకి చలి తెలీదని ఎవరు చెప్పారే మీకు?" అని కసిరేది.

ఎదుటి గదిలో తావూస్ చెల్లెలు జీవర్ ఉండేది. పొద్దున్నే ఇద్దరూ ఎవరి గుమ్మంలో వాళ్లు కూర్చుని, బియ్యం ఏరుతూ, ముంగిటికి ఈ పక్కనించి ఆ పక్కకి అరుచుకునేవాళ్లు.

"ఏమే, నీ మొగుడు ఇవాళ కూడా మూతికి సిరా పూసుకున్నాడా?"

"పూసుకోనీ. నీ గురకకి పావురాలన్నీ లేచిపోయాయి, ముందు అది చూసుకో అక్కా!"

మా మతం స్థాపించిన గురువుగారు కన్నుమూశాక వీలునామా చదివారు. తన తర్వాత పెద్దకొడుకుని అనుసరించమని, అతని తర్వాత రెండో భార్య కొడుకుదే పెద్దరికమని అందులో ఉంది. కొన్నాళ్లకే చీలిక వచ్చింది. అన్న తనకి లేని అధికారం తెచ్చుకుంటున్నాడని తమ్ముడి పక్షం, గురువు మాటనే తమ్ముడు దాటుతున్నాడని అన్న పక్షం. సరాయిలో ఎక్కువమందిమి అన్నవైపే నిలబడ్డాం. జీవర్ భర్త ఫత్తాహ్, గ్రంథాలకి నకళ్లు రాసేవాడు, తమ్ముడివైపు వెళ్లాడు. జీవర్ భర్తతో పాటే. వెళ్లడమంటే ఎక్కడికో కాదు, అదే గదిలో ఉన్నారు.

ఒడంబడిక తెంచినవాళ్లతో, అంటే తమ్ముడి పక్షంతో, మాటా మంచీ ఉండకూడదని కట్టుబాటు వచ్చింది. అది అంటురోగం లాంటిదన్నారు. తావూస్ అది అక్షరాలా పాటించింది. మర్నాడూ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరింది. ఎదుటి గుమ్మంలో ఉన్న చెల్లెలి మీదుగా వెనకున్న గోడని చూసింది.

అప్పటికి నాకు పదహారేళ్లు. నీళ్ల తొట్టి దగ్గర జీవర్ ఎదురైతే తావూస్ పక్కకి తప్పుకునేది కాదు. ఖాళీ జాగాలోకి నడిచినట్టు సరాసరి నడిచేది. జీవరే చివరి క్షణంలో పక్కకి దూకేది. మొదట్లో జీవర్ నవ్వింది కూడా.

"ఒసే అక్కా, నీ ముసుగు అంచు తొట్టిలో పడిందే!"

తావూస్ నీళ్లోడుతున్న ముసుగుతో అలాగే నడిచిపోయింది.

మూడు చలికాలాలు అలా గడిచాయి. జీవర్ గొంతు సన్నగిల్లి, చివరికి ఆగిపోయింది. ఆమె నడిస్తే చెప్పుల చప్పుడు వినిపించేది కాదు. అసలు అక్కడ మనిషి ఉందా అని నేను గోడ మీద ఆమె నీడ కోసం వెతికిన రోజులున్నాయి.

ఆ మూడో చలికాలం చివర్లో జ్వరం వచ్చి జీవర్ పోయింది. తెల్లారాక ఫత్తాహ్ ముంగిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఎవర్నీ పిలవలేదు. పిలిచినా పలికేవాళ్లు లేరని అతనికి తెలుసు. తావూస్ తలుపు తీసుకుని రాగి బిందెతో బయటికొచ్చింది. మా అమ్మ ఖుర్షీద్ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడికే? వాళ్లతో మాట్లాడకూడదు."

"బతికున్నవాళ్లతో కదా," అని తావూస్ చెయ్యి విడిపించుకుంది.

వేణ్ణీళ్లు మోసుకుంటూ నేను గుమ్మందాకా వెళ్లాను. స్నానం అయింది. మా ఆచారం ప్రకారం తెల్లగుడ్డ చుట్టేముందు ప్రార్థన చెక్కిన ఉంగరం తొడగాలి. జీవర్ పిడికిలి బిగుసుకుని ఉంది. తావూస్ వంగి, మూడేళ్లలో మొదటిసారి పిలిచింది.

"జీవర్. ఇలా చూడవే. వేలు చాపు."

వేళ్లు ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. శవం బిగుసుకోవడం, వదలడం మామూలేనని తర్వాత నాకు చాలామంది చెప్పారు. కావచ్చు. తావూస్ మాత్రం ఆ గదిలో మధ్యాహ్నందాకా మాట్లాడుతూనే ఉంది. మూడేళ్ల కబుర్లు. మధ్యమధ్య ఆగేది, జవాబు వింటున్నట్టు. ఒకసారి పకపకా నవ్వింది. ముంగిట్లో ఫత్తాహ్ గోడవైపు తిరిగి చెవులు మూసుకున్నాడు.

ఆ రోజునుంచి తావూస్‌ని ఎవరూ పలకరించలేదు. పలకరించొద్దని ఎవరూ చెప్పలేదు. ఆ గదిలోని అంటు తెచ్చుకుందని మాకు మేమే మానేశాం, మా అమ్మతో సహా. ఎవరైనా చనిపోతే మాత్రం మడతపెట్టిన నూలుగుడ్డ ఆవిడ గుమ్మంలో పెట్టి, తలుపు తట్టకుండా వచ్చేసేవాళ్లం. ఆవిడ వచ్చేది. తలుపు వెనక ఆ పెద్ద గొంతు లేచేది. బయట నిలబడ్డవాళ్లం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం కాదు.

ఏడాది తర్వాత సంగతి తెలిసి పెద్దలు కబురంపారు: స్నానం చేయించడంలో తప్పేముంది, ఆవిడ మనమనిషే అని. ఆడవాళ్లందరం సిగ్గుపడుతూ టీ, ఖర్జూరాలు పట్టుకుని వెళ్లాం.

"తావూస్, మన్నించవే," అంది అమ్మ.

గుమ్మం దాటి వస్తున్న తావూస్ ఆగలేదు. ఖాళీ జాగాలోకి నడిచినట్టు నడిచింది. అమ్మ పక్కకి దూకింది. పళ్లెం కింద పడింది.

పదకొండేళ్లకి అమ్మ పోయింది. గుడ్డ నేనే తీసుకెళ్లి పెట్టాను. తావూస్ వచ్చి, నన్ను దాటుకుని లోపలికి పోయింది. గుమ్మంలోనే నిలబడ్డాను.

"ఖుర్షీద్," అంది ఆవిడ అమ్మతో, "నీ కూతురు గుమ్మంలోనే నిలబడిందే. సముద్రపు గాలి కొడుతోంది. లోపలికొచ్చి తలుపేయమను."

వెళ్లి తలుపేశాను.

"చెంబు అందుకోమను. అబ్బ, దీని చేతులు అచ్చం నీ చేతులేనే!"

చెంబు అందుకున్నాను. అమ్మ మొహం చూస్తూ అన్నాను, "అమ్మా, ఈ పని నాకు నేర్పుతుందేమో అడుగు."

తావూస్ తల వంచి కాసేపు విన్నది. ఏం విన్నదో నాకు తెలీదు.

"నేర్చుకుంటానంటే రమ్మను మరి," అంది.

తొమ్మిదేళ్లు ఆవిడ పక్కన పనిచేశాను. ప్రతి మాటా శవాలకే చెప్పింది, నేను విని నేర్చుకున్నాను. ఒక్కసారి కూడా నా కళ్లలోకి చూడలేదు. ఆవిడ పోయినరోజు తలుపేసుకుని, కబుర్లు ఎక్కడ మొదలెట్టాలో తెలీక, నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయో లేదో రెండుసార్లు చూశాను. చివరికి మా చంటిపిల్లకి పళ్లొస్తున్న సంగతి ఆవిడకి చెప్పడం మొదలుపెట్టాను.