పద్నాలుగో పాఠం కోసం తప్పిపోయినాయన

ఆ ఇంటి మామయ్యకు ఒకటే జబ్బు. ఏ మాట నేర్చుకోవాలన్నా దానికి తగ్గ సందర్భం నిజంగా వచ్చి తీరాలి. రాకపోతే తానే తెప్పిస్తాడు.

"ఊరికే బట్టీ పడితే మాట ఒంటికి పట్టదమ్మాయ్," అనేవాడు కోడలితో. "ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేశా. స్టాపుల పేర్లు పుస్తకం చూసి నేర్చుకున్నాననుకున్నావా? ఒక్కోచోటా దిగి నిలబడి నేర్చుకున్నా."

నిజానికి జపనీస్ పుస్తకం ఇంటికి వచ్చింది కోడలి కోసం. ఆమె భర్త పోయి ఏడాదయింది. జపాన్ ఇంజనీర్లు దిగే గెస్ట్‌హౌస్‌లో, వచ్చినవాళ్లను పలకరించి గది చూపించే ఉద్యోగం ఉందన్నారు. రోజువారీ మాటలు కొన్ని వస్తే చాలన్నారు. చిక్కల్లా ఏమిటంటే, అప్పటికి ఆమె తెలుగులోనే రోజుకు నాలుగు మాటలు మించి మాట్లాడటం లేదు. పుస్తకం తెరిచింది, మూసింది, అలమరలో పెట్టేసింది. మర్నాటికి అది మామయ్య జేబులో ఉంది.

నీళ్లు అడిగే పాఠం నాడు ఆయన పొద్దున్నుంచి చుక్క నీరు ముట్టలేదు. మధ్యాహ్నానికి నాలుక పిడచకట్టుకుపోయి వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"మిజు ఓ కుదసాయ్."

కోడలు గ్లాసు అందించింది. పుచ్చుకోడే! అవతలివాళ్లు ఏమనాలో పుస్తకంలో వేలితో చూపించాడు. ఆమె ఆ మాట అనేదాకా గ్లాసు ముట్టనన్నాడు. ఆయన ఎక్కడ కళ్లు తిరిగి పడిపోతాడోనని, "హాయ్, దోజో," అంది ఆమె. తీసుకోండి అని. అప్పుడు మూడు గ్లాసులు తాగాడు.

తలనొప్పి పాఠానికి మిట్టమధ్యాహ్నం డాబా మీద కూర్చున్నాడు. వాన పాఠం నాటికి మబ్బు తునక కూడా లేదు. గొడుగు పట్టుకుని పక్కింటివాళ్లు మొక్కలకు నీళ్లు కొట్టే గొట్టం కిందికి వెళ్లి నిలబడ్డాడు. రెండుసార్లూ కోడలు పుస్తకంలో మాట అంటే గానీ కదలనన్నాడు.

పక్కింటావిడ గోడ మీంచి గుసగుసగా అడిగింది. "ఏమ్మా, మీ మామగారికి వంట్లో..."

"పదకొండో పాఠమండీ," అంది కోడలు.

ఉద్యోగం పరీక్ష రోజు రానే వచ్చింది. పదకొండింటికి ఫోన్లో గెస్ట్‌హౌస్ చూసుకునే జపాన్ మేడమ్ ముఖం చూస్తూ పది నిమిషాలు మాట్లాడాలి. కాల్ ఎత్తకపోతే ఉద్యోగం వరుసలో తర్వాత ఉన్నామెకు పోతుంది. పదింటికి కోడలు చూస్తే ఫోన్ లేదు. మామయ్యా లేడు. బల్ల మీద చీటీ ఉంది.

"పద్నాలుగో పాఠం. దారి తప్పిపోతున్నాను. కంగారు పడకు."

ముఖం కనిపించే ఫోన్ ఇంట్లో అదొక్కటే. ఆమె చెప్పులేసుకుని వీధిలో పడింది. ఎటని వెళ్లడం? ముప్పై ఏళ్ల కండక్టరు. బస్సు తిరిగే దారిలో తప్పిపోవడం ఆయన వల్ల కాదు. అంటే బస్సు దూరని చోటు కావాలి. ఇనప సామాను బజారు వెనక సందులు!

పరిగెత్తింది. సందు మొదట్లో తాళాలు బాగుచేసే ఆయన కనిపించాడు.

"ఏవండీ, ఒక పెద్దాయన... వేరే భాషలో దారి అడిగారా?"

"ఆయనా! నేను తెలుగులో ఎడమకెళ్లమన్నానమ్మా. థాంక్స్ చెప్పి కుడికెళ్లాడు. ఇంకా సరిగ్గా తప్పిపోలేదట!"

కుడికి తిరిగింది. మళ్లీ కుడికి. రేకుల గోదాములు, తోపుడుబళ్లు, ఒకేలా కనిపించే షట్టర్లు. టైము ఎంతయిందో చూసుకోడానికి కూడా చేతిలో ఏమీ లేదు. చివరికి ఒక గోదాము మెట్టు మీద, ఒళ్లో ఫోన్ పెట్టుకుని, చెమటలు కక్కుతూ కనిపించాడు. ఆమెను చూడగానే లేచి పుస్తకం తెరిచాడు.

ఇక ఆమె ఆగలేదు.

"దోకో ఎ ఇకిమాషిత కా! జికన్ గా అరిమసెన్! దెన్వా ఓ కుదసాయ్!"

ఎక్కడికి వెళ్లారు, టైము లేదు, ఫోన్ ఇవ్వండి. నీళ్లు అడిగే మాటలోంచి నీళ్లు తీసేసి ఫోన్ ఎప్పుడు పెట్టిందో ఆమెకే తెలియదు. మామయ్య నోరు తెరుచుకుని చూస్తూ ఫోన్ ఇచ్చాడు. చేతిలో పడీ పడగానే అది మోగింది.

"ఈ ఉదయం ఏం చేశారు?" అంది మేడమ్ జపనీస్‌లో.

కోడలు మెట్టు మీద కూలబడింది. మామగారు దారి తప్పారంది. వెతికానంది. సగాషిమాషిత. దొరికారంది. మిత్సుకరిమాషిత. మేడమ్ నవ్వి ఇంకా ఇంకా అడిగింది. డాబా, గొట్టం, గొడుగు అన్నీ ఒకటొకటిగా బయటికొచ్చాయి. పది నిమిషాలు ఇరవై అయ్యాయి. సోమవారం నుంచి పనిలోకి రమ్మంది మేడమ్.

"మీ మామగారిని కూడా ఒకసారి పలకరిస్తాను."

ఫోన్ ఆయన ముఖం ముందుకు వచ్చింది. "కొన్నిచివా," అంది మేడమ్. మామయ్య పక్కకు వంగి, "దీనికేమనాలమ్మాయ్?" అన్నాడు.

"అయ్యో, అది మొదటి పాఠం మామయ్యా! ఇన్నాళ్లూ ఏం నేర్చుకున్నారు?"

"నీచేత అనిపించడంతోనే సరిపోయిందమ్మా! నాకు నేర్చుకునే తీరికెక్కడిది?"

ఆమె ఆయన చెవిలో ఆ మాట ఊదింది. ఆయన సందంతా మారుమోగేలా కండక్టరు గొంతుతో అన్నాడు.

ఫోన్ పెట్టేశాక లేచి అటూ ఇటూ చూశాడు. "ఇంతకీ ఇంటికి ఎటెళ్లాలి? నిజంగానే తెలియడం లేదమ్మాయ్."

ఆమె ఆ చివర చూసింది, ఈ చివర చూసింది. వచ్చేటప్పుడు మలుపులు లెక్కపెట్టుకుందా ఏమన్నా? ఏడాది తర్వాత మొదటిసారి పకపకా నవ్వింది.

"నాకూ తెలియడం లేదు. పదండి మామయ్యా, తెలుగులోనే అడుగుదాం."